మెడ వెనక రెండు గుండ్లు

నాకు పెళ్లయిపోయిందన్న సంగతి నాకంటే ముందు పులివెందులలో ఒక కల్యాణమండపం మొత్తానికి తెలిసింది. వంటవాళ్లకు తెలిసింది, సన్నాయి వాయించేవాళ్లకు తెలిసింది, చెప్పుల దగ్గర కాపలా కూర్చున్న ముసలాయనకు కూడా తెలిసింది. ఆఖరున నా చెవిన పడేసరికి మా ఆయన బెంగళూరులో ఇంజనీరైపోయి, సొంత ఇల్లు కట్టేసి, నాకూ వాళ్లమ్మకూ పడక వేరు కాపురం కూడా పెట్టేశాడు. ఇంత ఘోరానికి కారణం రెండు చిన్న చిల్లులు, వాటి మధ్య ఒక కమ్మీ, ఆ పైన నా తెలివి. మొదటి మూడింటి వల్ల పెద్ద ప్రమాదమేమీ లేదు.

నేను ప్రొద్దుటూరు బంగారు అంగడివాళ్ల బిడ్డను. మా ఇంట్లో మనుషుల్ని చూసే పద్ధతే వేరు. ఎవరైనా గడప దాటి వస్తే ముందు మెడ చూస్తాం, తర్వాత చెవులు, ఆపైన చేతులు. ముఖం దాకా వచ్చేసరికి వాళ్లకిచ్చిన కాఫీ చల్లారిపోయి ఉంటుంది. మా నాయన చొక్కా జేబులో పెన్ను ఉండదు, కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం ఉంటుంది. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, వసారాలో కూర్చుని వీధి చివర పోయే ఆమె గొలుసును చూసి, "రాగి శానా కలిపినారు, పాపం" అని జాలిపడుతుంది. ఇటువంటి కొంపలో పుట్టి ఒంటి మీద నగ దాచుకోవచ్చు అనుకున్నానంటే, నా బుద్ధి ఏపాటిదో మీకు ఈపాటికి అర్థమై ఉండాలి.

ఆ ఏడాది నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మా నాయన అవుననలేదు, కాదనలేదు. బేరం తెగనప్పుడు త్రాసు వైపు చూస్తూ కూర్చుంటాడే, అట్లా కూర్చున్నాడు. చివరికి ఒక మాట అన్నాడు.

"మీ అత్త కొడుకు పెండ్లి ఉండాది కదమ్మా పులివెందులలో. మనోళ్లంతా వస్తారు. ఆ పెండ్లిలో నిన్నెవురూ ఒక్క మాట అనకుండా దాటించు. ఆ సోమారం నేనే నిన్ను బెంగళూరులో దిగబెట్టొస్తా."

ఈ షరతు వెనక ఒక కథ ఉంది. ఆ పెళ్లికొడుక్కు మొదట అడిగింది నన్నే. జమ్మలమడుగులో ఉండే మా మేనత్త పళ్లూ పూలూ పట్టుకుని వచ్చి అడిగితే, నేను ఉద్యోగం చేస్తానన్నాను. అత్త పైకి నవ్వింది, బావకు పులివెందుల పిల్లను చూసింది. కానీ ఆనాటి నుంచి నాలో ఏదో ఒక తప్పు పట్టుకోవడం ఆమెకు శనివారం ఒక్కపొద్దులాంటి దీక్ష అయింది. అందుకే నాయన ముందుజాగ్రత్త. తల దించుకుని, నోరు మూసుకుని ఒక పెళ్లి దాటాలి, అంతే. దాటితే బెంగళూరు, దాటకపోతే అంగట్లో గల్లాపెట్టె పక్కన కుర్చీ.

అంత సులువైన పనిని నేను ఎట్లా చెడగొట్టుకున్నానో ఇక చూడండి.

కాగితాలు ఇచ్చి రావడానికి బెంగళూరు పోయినప్పుడు నాతో ఫర్జానా వచ్చింది. ఫర్జానా మా పక్కింటి పిల్ల. చిన్నప్పటి నుంచి నేను చేసే ప్రతి తిక్కపనికీ సాక్షి. ఆఫీసు బయటికి రాగానే నాకు ఉత్సాహం పొంగింది. ఎదురుగా ఒంటికి చిల్లులు పెట్టే అంగడి కనపడింది. చెవులూ ముక్కూ మామూలే, మెడ వెనక కూడా పెడతారట. జడ కింద చర్మంలో ఒక చిన్న కమ్మీ దూర్చి రెండు కొసలకూ రెండు గుండ్లు బిగిస్తారు. చెవి కమ్మలాగా అవతలికి పోదు, పైచర్మం కిందనే పడుకుని ఉంటుంది.

"వద్దు వాసూ," అంది ఫర్జానా. నా పేరు వాసవి. "మీ అవ్వకు కండ్లు ఎట్లుంటాయో నీకు తెల్దా?"

"జడ కింద ఉంటాది. బ్రహ్మదేవునికి గూడా కనపడదు."

"బ్రహ్మదేవునికి కనపడకపోవచ్చు. నేను అడిగింది మీ అవ్వ సంగతి."

ఆమె మాట వినకుండా లోపలికి పోయాను. చిల్లులు కుట్టే అమ్మాయి ఒక తెల్లటి కమ్మీ తెచ్చి చూపించింది. టైటానియం అంది, ఒంటికి పడుతుంది అంది. నాకు మనసు ఒప్పలేదు. ప్రొద్దుటూరులో పుట్టి మెడలో ఇనుప ముక్క పెట్టుకుని తిరగడమా? బంగారు రంగుది లేదా అని అడిగాను.

"ఉంది. కానీ అది పైపూత. గాయం మానేదాకా వద్దు," అంది ఆమె.

"మాకు బంగారం బాగా పడుతుంది."

"అది బంగారం కాదండీ."

"చూడ్డానికి బంగారమే కదా," అన్నాను.

ఈ మాట ఒక బంగారు అంగడి యజమాని బిడ్డ నోటి నుంచి వచ్చిందని దయచేసి గమనించండి. మా తాతముత్తాతలు పైన ఎక్కడో గీటురాళ్లతో తలలు కొట్టుకుని ఉంటారు.

కుట్టడం అయ్యాక ఆమె నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. పొద్దున, సాయంత్రం ఈ సీసాలోని ఉప్పునీళ్లు చల్లాలి. మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. చేత్తో ముట్టకూడదు, తిప్పకూడదు. నూనె, పొడి, లేపనం ఏదీ పూయకూడదు. జడ దానికి తగిలి లాగకూడదు. సీసా అయిపోతే ఇంకొకటి కొనుక్కోవాలి తప్ప సొంత ప్రయోగాలు చేయకూడదు. నేను తల ఊపుతూ విన్నాను గానీ, లోపల మాత్రం ఇదేం వైద్యం అనుకున్నాను. ఏమీ చేయకుండా ఉండటాన్ని ఇంతసేపు నేర్పించాలా?

ఇంటికొచ్చాక కొన్నాళ్లు బాగానే గడిచింది. మెడ వెనక నాకు కనపడదు కాబట్టి రెండు పూటలా ఫర్జానా వచ్చి తలుపు మూసి ఉప్పునీళ్లు చల్లి పోయేది. మా అవ్వ ఊరుకుంటుందా?

"ఆ పిల్ల రోజూ నీ వెనక నిలబడి ఏం చేస్తాంది మ్మే?"

"పేన్లు చూస్తాంది అవ్వా," అన్నాను, నోటికొచ్చింది అదే.

ఇది నేను చేసిన రెండో తప్పు. పేన్లు అనగానే అవ్వ వేపనూనె సీసా, తన పెండ్లినాటి కొయ్య దువ్వెన తీసుకుని వసారాలో కాళ్లు చాపి కూర్చుంది. ఆ దువ్వెన పళ్ల సందులో గాలి కూడా దూరదు. అది నడినెత్తి మీద మొదలై మెడ దాకా దున్నుకుంటూ పోతుంది. "రా, ఒక్క పేను మిగలకుండా తీస్తా" అని పిలిచింది. తలనొప్పని ఒకరోజు, తలకు పోసుకున్నానని ఒకరోజు, గుడికి పోవాలని ఒకరోజు తప్పించుకున్నాను. "ఈ మధ్య దీనికి బక్తి ఎక్కువైంది, పేన్లెక్కువైనాయి" అని అవ్వ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పసాగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నాకు కుట్టించుకోనేల, కడుక్కోనేల అన్నట్టయింది.

ఇంతలో సీసా అయిపోయింది. ఇంట్లో కల్లుప్పు బస్తా పెట్టుకుని ఉప్పునీళ్లు కొనుక్కోవడం ఏమిటని, నేనే చెంబుడు నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి కలిపాను. ఫర్జానా అది వాసన చూసి, "ఏమ్మే, మామిడికాయలు ఊరబెడతాండావా?" అంది. అయినా చల్లమన్నాను. చల్లింది. నేను గోడ పట్టుకున్నాను. మంట మండింది కాబట్టి మందు పనిచేస్తోందని ఇద్దరం నమ్మాం, మా చదువులు అట్లాంటివి.

తర్వాత ఫర్జానా వాళ్లక్క కాన్పని మైదుకూరు వెళ్లిపోయింది. ఇక అంతా నా ఏలుబడే. పెళ్లి దగ్గరపడుతోంది, మెడ వెనక సలపరిస్తోంది. రెండు అద్దాలు పెట్టి చూసుకుంటే ఎర్రగా కనపడింది. కుట్టిన అమ్మాయికి ఫోన్ చేయొచ్చు. డాక్టరు దగ్గరికి పోవచ్చు. రెండూ వదిలేసి నేను మా అవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, చెవి కుట్టించినాంక పుండైతే ఏం చేస్తారు?"

"ఎవురికైంది?"

"మా ఆఫీసులో ఒకామెకు."

"నువ్వింగా చేరనే లేదు కదే."

"చేరబోయే ఆఫీసులో."

అవ్వ నన్ను ఒక చూపు చూసింది. కానీ వైద్యం చెప్పే అవకాశం వచ్చినప్పుడు ఆమె దేన్నీ ఆరా తీయదు. "పసుపూ కొబ్బరినూనె కలిపి దట్టంగా పుయ్యల. పొద్దన, సందకాడ కమ్మ తిప్పుతాండల. తిప్పకపోతే కండకు అతుక్కుంటాది. నీకూ మీ నాయనకూ నేను అట్లనే చేసినా," అంది.

చెవికి చెప్పిన వైద్యం మెడకు పనికిరాదా అనుకున్నాను. గిన్నెలో పసుపు, నూనె రంగరించి, చేతికందినంత మేర పూశాను. ఆపైన కమ్మీని తిప్పబోయాను. చర్మంలో అడ్డంగా పడుకున్న కమ్మీ ఎక్కడ తిరుగుతుంది? దాంతోపాటు చర్మం తిరిగింది, ఆ వెంటనే నా కళ్లు తిరిగాయి. మంచం మీద బోర్లా పడి మైదుకూరుకు ఫోన్ చేశాను.

"తిప్పినావా?" అంది ఫర్జానా.

"రవ్వంత."

"పసుపు పెట్టినావా?"

"రవ్వంత."

"నూనె?"

"అది రవ్వంత ఎక్కువైంది."

"ఇంగ ఆవాలు, కరేపాకు వేసి తాళింపు పెట్టు. పెండ్లికి ఒక కూర తగ్గుతాది," అని ఫోన్ పెట్టేసింది.

పెళ్లి రోజు వచ్చింది. పొద్దున్నే మా కారు ప్రొద్దుటూరులో బయల్దేరి జమ్మలమడుగు చేరింది. అక్కడ అత్త ఇంటి నుంచి పెళ్లికొడుకుతో కలిసి అందరం పులివెందుల పోవాలి. నేను పట్టుచీర కట్టి, వదులుగా జడ అల్లుకుని, బయల్దేరే ముందు ఇంకొంచెం పసుపు నూనె పూసుకున్నాను. పెళ్లిలో నొప్పి తెలియకూడదు కదా.

అత్త ఇంట్లో అడుగు పెట్టగానే ఆమె మల్లెపూల బుట్టతో ఎదురొచ్చింది. ఎవరో నా జడ చూసి పూలు లేవన్నారట.

"ఇట్ల తిరుగు మ్మే, పూలు పెడతా."

"నేను పెట్టుకుంటాలే అత్తా."

"పెండ్లికొడుకు తల్లిని, నా చేత్తో పెట్టకూడదా? తిరుగు."

తిరిగాను. ఇంకేం చేయను? అత్త జడ పైకెత్తింది. ఎత్తేవరకు ఆమె వంటమనిషి గురించి, బస్సు గురించి, సున్నుండల గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఎత్తగానే మైలవరం డ్యాము గేట్లు దించేసినట్టు నోరు ఆగిపోయింది.

ఆమెకు ఏం కనిపించిందో చెప్తాను, మీరే ఆమె చోట నిలబడి చూడండి. మెడ వెనక నడిమధ్యన బంగారంలా మెరిసే రెండు గుండ్లు. వాటి కింద నుంచి కారిన పసుపునూనె, రెండు పక్కలా సన్నటి చారలు కట్టి రవికె లోపలికి దిగింది. పసుపు తాడు, తాడుకు బంగారు గుండ్లు. పెళ్లయిన ఆడమనిషి మెడలో ఉండేవే. కాకపోతే ముందు వైపున కనపడకూడదని తాళిని వెనక్కి తిప్పుకుని జడ కింద దాచుకుంది ఈ పిల్ల. బంగారాన్ని చూసి మనిషిని చదివే వంశం మాది. అత్త ఒక్క క్షణంలో చదివేసింది.

జడను దేవుని మీద పువ్వు పెట్టినంత మెల్లగా దించి, పూలు తురిమి, నా బుగ్గ నిమిరింది.

"శానా పెద్దదానివైపోయినావు మ్మే," అంది.

నన్ను మెచ్చుకుందనుకుని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఒకటి తోడై అత్తకున్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేదాకా అత్త ముందు కారులో ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. పెళ్లి పనులేమో అనుకున్నాను. మండపం దగ్గర దిగగానే ఒక వింత గమనించాను. ఎప్పుడూ మా వాళ్లు ముందు మెడ చూస్తారని చెప్పానా, ఆ రోజు అందరూ నా కాళ్లు చూస్తున్నారు. చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. చివరికి ఒక ముసలామె నన్ను పక్కకు పిలిచి గుసగుసగా అడిగింది.

"మెట్టెలు యాడ తీసిపెట్టినావు మ్మే? తీయకూడదు, మొగునికి మంచిది కాదు."

వయసు మీదపడి నన్ను ఇంకెవరో అనుకుంటోందని సర్దుకున్నాను. పెళ్లికొడుకు దగ్గరికి పోయి శుభాకాంక్షలు చెప్పాను. బావ నన్ను చూసి, కొంచెం బాధగా, కొంచెం పెద్దమనిషి తరహాగా నవ్వాడు.

"నీకు గూడా. ముందే చెప్పింటే నేను మా అమ్మకు నచ్చజెప్పుండేవాన్ని కదా. ఆయన వచ్చినాడా?"

"ఎవురు?"

"సర్లే, సర్లే," అని కన్నుగీటి కంకణం సర్దుకున్నాడు.

అప్పటికీ నా మట్టిబుర్రకు తట్టలేదు. తట్టించింది మా అవ్వ. నా చెయ్యి పట్టుకుని వంటశాల వెనక్కి ఈడ్చుకుపోయింది. కోపంగా ఉంది, కానీ కోపానికి కారణం నేను ఊహించిందేదీ కాదు.

"వాన్ని యాడ నిలబెట్టినావే?"

"ఎవుర్ని అవ్వా?"

"నీ మొగున్ని. పెండ్లి దొంగతనంగా చేసుకున్యావు, సరే. వచ్చినోన్ని మండపం బయట ఎండలో నిలబెడతావా? మన ఇంటి పద్దతి అదేనా? తిండన్నా తిన్యాడా లేదా?"

అప్పుడు తెలిసింది నాకు పెళ్లయిందని. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు తాడూ లేదు, తాళీ లేదు, మొగుడు మాత్రం బెంగళూరు ఇంజనీరు. ఇంకా ఘోరం, ఆ మొగుణ్ని మా వాళ్లు అక్కడికక్కడే పట్టేశారు. డ్రోను కెమెరా ఎగరేయడానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఫొటోకు అడ్డంగా నిలబడ్డానని పొద్దున రెండుసార్లు నన్ను "మేడం, కొంచెం పక్కకు" అని పిలిచాడు. బెంగళూరు మనిషి, పైగా అంత మందిలో నన్నే పిలుస్తున్నాడు, ఇంకేం కావాలి? అవ్వ కన్ను అతని మీద పడింది. నేను నోరు తెరిచేలోపే ఆయన్ను పట్టుకొచ్చి మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, పక్కన తానే నిలబడి ఓళిగల మీద నెయ్యి పోయించింది. వద్దంటే, "మొగమాటపడాకు నాయనా, నీ ఇల్లే అనుకో" అంది. పాపం ఆయన కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు. కెమెరా పనికి ఇంత మర్యాద మా ఊళ్లో ఎక్కడా లేదన్నాడు.

నేను "కాదు, కాదు" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఎంత కాదంటే అంత అవునయింది. ఇంతలో మా అమ్మ వచ్చి, ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి, "మీ నాయన పిలుస్తాండాడు" అంది.

పెళ్లికొడుకు విడిది గదిలో నాయన నిలబడి ఉన్నాడు. అత్త కిటికీ దగ్గర, అవ్వ నా వెనకే. అత్తే మొదలుపెట్టింది.

"నా కొడుకును వద్దనిన్యప్పుడే అనుకున్యా అన్నా. ఉద్యోగమంట, ఉద్యోగం. తాళిని ఎనక్కి తిప్పి దాచినాది. నా కండ్లతో చూసినా."

నాయన అత్త వైపు చూడలేదు. నన్నే చూశాడు.

"వాసవమ్మా, నాతో ఒక్క మాట చెప్పింటే నేను కాదంటానా? నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. మా నాయన కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ నిమిషం నా ప్రాణం ఉసూరుమంది. భూమి చీలితే బాగుండుననిపించింది.

నిజం చెబితే బెంగళూరు పోతుంది. చెప్పకపోతే మొగుడు మిగులుతాడు. మింగితే మొగుడు, కక్కితే చిల్లు. ఆ మనిషిని అట్లా చూడలేక కక్కేశాను.

"తాళి కాదు నాయనా. కుట్టించుకున్యా."

"ఏం కుట్టించుకున్యావు?"

"మెడ."

"మెడ తెగినోళ్లు కుట్టించుకుంటారు గాని, బాగున్యోళ్లు ఎందుకు కుట్టించుకుంటారే?" అంది అవ్వ.

నేను వెనక్కి తిరిగి జడ ఎత్తి పట్టుకున్నాను. అమ్మ తడిగుడ్డతో పసుపు తుడిచింది. "తాడేదీ?" అని అత్త ముందుకొచ్చి వెతికింది. తాడు లేదు. ఎర్రగా ఉబ్బిన కండ, దాని మీద రెండు గుండ్లు, అంతే. గదిలో అందరూ ఊపిరి వదిలారు. నాయన కూడా వదిలాడు. ఆ తర్వాత ఏదో అలవాటు కొద్దీ జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని వంగాడు.

చాలాసేపు చూశాడు. గుండు మీద గోటితో మెల్లగా గీరాడు. భూతద్దం తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఇది బంగారం కాదు," అన్నాడు.

భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

"గిల్టు," అన్నాడు, అని కుర్చీలో కూలబడ్డాడు. బిడ్డ దొంగపెళ్లి చేసుకుందని విన్నప్పుడు కూడా ఆ మనిషి నిలబడే ఉన్నాడు.

"నా బిడ్డ. ప్రొద్దుటూరులో. గిల్టు."

అప్పటిదాకా మా మీద కత్తి నూరిన అత్తకే కడుపు తరుక్కుపోయింది. వచ్చి నాయన భుజం పట్టుకుంది. "ఊరుకో అన్నా. తెలీక పెట్టుకున్యాది. ఈ మాట ఈ గది దాటదు. కావల్నంటే మొగుడున్యాడనే చెప్పుకుందాం," అంది. ఇంటి పరువు ఏ తూకంలో ఉందో చూశారు కదా.

అవ్వ మాత్రం నన్ను వదల్లేదు. "మా కాలంలో ముక్కుకు రెండు దిక్కులా కుట్టించుకున్యాం, నడాన బులాకీ పెట్టుకున్యాం, చెవులకు పైనా కిందా తూట్లు పెట్టుకున్యాం. మెడ ఒక్కటే మిగిలింది, అది నువ్వు పెట్టించుకున్యావు, పోనీ. ఇంట్లో రవ్వంత బంగారం లేకపాయనా నీకు?" అంది.

సాయంత్రం పులివెందులలోనే ఒక డాక్టరమ్మ దాన్ని తీసేసింది. నేను అరిచిన అరుపుకు బయట కూర్చున్న వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఉప్పునీళ్లు మాత్రం చల్లి వదిలేసి ఉంటే ఇంత చీము పట్టేది కాదంది. ఆ పైపూత లోహం సగం, నా సొంత వైద్యం సగం చేశాయంది. "ఈ పసుపు, నూనె ఎవరు పెట్టమన్నారు?" అని అడిగింది. మా అవ్వ తలెత్తి ఫ్యాను వైపు చూస్తూ, "దుమ్ము పట్టింది, తుడిపించండమ్మా" అంది.

ఇంటికొచ్చాక నాయన నాతో మాట్లాడలేదు. అంగడికి పోతాడు, వస్తాడు, తింటాడు. ఇక గల్లాపెట్టె పక్కన కుర్చీయే నా గతి అని ఏడ్చుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం పిలిచాడు.

"పెండ్లిలో ఎవురూ ఒక్క మాట అనకుండా దాటించమన్యా."

"అవును నాయనా."

"నీకు పెండ్లే చేసిపెట్టినారు."

నేను తల దించుకున్నాను. పెట్టె సర్దుకోమన్నాడు. నమ్మలేక తలెత్తాను.

"మాటిచ్చినానని కాదు. గిల్టు పెట్టుకున్య బిడ్డను నా అంగట్లో కూర్చోబెడితే, రేపు నా సరుకును ఎవురు నమ్ముతారు? నువ్వు ఈడ ఉంటే యాపారానికి నష్టం. బెంగళూరుకు పో."

మరుసటి రోజు తానే దిగబెట్టాడు. పోతూ పోతూ నా చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టాడు. విప్పితే రెండు బంగారు గుండ్ల కమ్మలు. "చెవులకు. ఆడ చిల్లులు ఇంతకుముందే ఉండాయి," అన్నాడు. ఆయన బస్సెక్కి కనుమరుగయ్యేదాకా ఏడ్చాను, ఆ తర్వాత వాటిని పెట్టుకున్నాను.

కొన్నేళ్లకు నాకు నిజంగానే పెళ్లయింది. అబ్బాయిది ఖాజీపేట, మా ఆఫీసే. ఇంట్లో చెప్పే చేసుకున్నాను, అందరూ చూస్తుండగా. పీటల మీద అతను తాళి కడుతుంటే వెనక వాళ్ల చెల్లెలు నా జడ ఎత్తి పట్టుకుంది. అతను మూడో ముడి వేయబోయి ఆగాడు. సరిగ్గా ముడి పడే చోట రెండు తెల్లటి మచ్చలు.

"ఇదేంది?" అని అడిగాడు, మెల్లగానే.

నేను చెప్పేలోపు, వెనక కూర్చున్న మా అవ్వ వాయిద్యాల మీదుగా అందరికీ వినిపించేలా జవాబిచ్చింది.

"అది మొదటి పెండ్లిది లేప్పా. భయపడాకు, మొగుడు లేడు. ముడి ఎయ్."

వేశాడు. భయపడుతూనే వేశాడని ఇప్పటికీ అంటాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, మా తాతముత్తాతల గీటురాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పసుపును కూరకే వాడతాను, కొబ్బరినూనెను తలకే రాసుకుంటాను, ఉప్పునీళ్లు కొనుక్కునే తెచ్చుకుంటాను, తిప్పవద్దన్న దాన్ని తిప్పను. ఈ ఒంటి మీద ఇంకొక చిల్లు పెట్టించుకోనే పెట్టించుకోను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని పెట్టించుకోవాల్సి వచ్చినా, ఆ గుండ్లను ముందు మా నాయన భూతద్దం కిందికి పంపించకుండా మాత్రం చచ్చినా పెట్టించుకోను.